మా అమ్మకు కరెంటు ఎందుకు పెట్టలేదు?

అందరికీ నమస్కారం.

నేను రేడియేషన్ వైద్యురాలిని. కిరణాలతో క్యాన్సర్‌కు చికిత్స చేయడం నా చదువు, నా వృత్తి. ఆ చికిత్స మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అయినా ముదిరిన అండాశయ క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి పెద్ద పీట కీమోకే వేస్తాను. ఎందుకు వేస్తానో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చాను.

ఈ ప్రసంగానికి బీజం ఒక ప్రశ్న. చాలా ఏళ్ల క్రితం ఒక అమ్మాయి తన తల్లి ఫైలు గుండెకు హత్తుకుని నా గదిలోకి వచ్చింది. తల్లికి మూడో దశ అండాశయ క్యాన్సర్. శస్త్రచికిత్స అయింది, కీమో నాలుగో సైకిల్, అంటే నాలుగో విడత, నడుస్తోంది. కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది: "డాక్టరు గారూ, మా అమ్మకు కరెంటు ఎందుకు పెట్టలేదు?"

రేడియేషన్‌కు మన వాడుకలో పేరు కరెంటు. వాళ్లమ్మ పక్క మంచం మీద ఉన్నావిడకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆవిడకు ఆరేడు వారాలు కరెంటు పెట్టారు. గడ్డ కరిగింది, ఆవిడ నవ్వుతూ ఇంటికి వెళ్లింది. తన తల్లి మాత్రం జుట్టు ఊడి, వేళ్లకు తిమ్మిరెక్కి, మూడు వారాలకోసారి సూది గుచ్చుకుంటూ ఇక్కడే ఉంది. ఆ అమ్మాయి అసలు అడగదలచుకున్న మాట చివర్లో వచ్చింది: "ఆ వైద్యం ఇవ్వలేదంటే మా అమ్మ మీద మీరంతా ఆశ వదులుకున్నట్టేనా?"

ఆ పూట నాకు దొరికిన పది నిమిషాల్లో ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆశ ఎవరూ వదులుకోలేదని మాత్రం చెప్పాను. మిగిలిన జవాబు ఇవాళ చెబుతాను.

ముందు ఆ రెండు మంచాల మధ్య తేడా చూద్దాం. గర్భాశయ ముఖద్వారం కటి భాగంలో, అడుగున, ఒకచోట కుదురుగా ఉంటుంది. అక్కడ పుట్టిన క్యాన్సర్ చాలాకాలం పక్కనున్న కణజాలంలోకి, దగ్గరి లింఫ్ గ్రంథుల్లోకి మాత్రమే పాకుతుంది. అంటే నాకు ఒక గురి ఉంటుంది. బయటి నుంచి కిరణాలు వేసి, ఆ తర్వాత యోని మార్గం ద్వారా రేడియోధార్మిక మూలాన్ని గడ్డ పక్కనే ఉంచి, మొత్తం మీద 80 గ్రేలు దాటిన మోతాదును ఆ ఒక్క చోట కుమ్మరించగలను. గ్రే అన్నది కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం. పేగులు, మూత్రాశయం కొంత దెబ్బ తిన్నా తట్టుకుంటాయి, ఎందుకంటే ఎక్కువ మోతాదు పడేది కొద్ది జాగా మీదే.

అండాశయం కథ వేరు. అది పొట్ట కుహరంలోకి వేలాడుతూ ఉంటుంది. దాని చుట్టూ క్యాన్సర్‌ను ఆపే గట్టి తొడుగు ఏదీ లేదు. అసలు అండాశయ క్యాన్సర్ అని మనం పిలిచే వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం, హై గ్రేడ్ సీరస్ అంటారు దాన్ని, చాలామందిలో అండవాహిక చివర కుచ్చుల దగ్గర మొదలవుతుందని ఇప్పుడు తెలుసు. అక్కడి నుంచి రాలిన కణాలు పొట్ట లోపలి ద్రవంలో పడతాయి. ఆ ద్రవం ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. మనం ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న కండరపు పొర, ఉదరవితానం, పైకీ కిందికీ ఆడుతుంది, ద్రవం కుడి పక్కగా కాలేయం మీదికి ఎక్కుతుంది. దానితో పాటే క్యాన్సర్ కణాలూ ప్రయాణం చేస్తాయి. పేగుల మీద, పేగుల ముందు వేలాడే కొవ్వు తెర మీద, కాలేయం పై కప్పు మీద, ఉదరవితానం అడుగున, ఎక్కడ ఆగితే అక్కడ నాటుకుంటాయి. శస్త్రచికిత్స బల్ల మీద పొట్ట తెరిచినప్పుడు ఆ దృశ్యం చూస్తే మీకు వెంటనే అర్థమవుతుంది. ఎవరో గుప్పెడు ఇసుక తీసుకుని లోపలంతా చల్లినట్టు ఉంటుంది. కొన్ని రేణువులు కంటికి కనిపిస్తాయి. కనిపించనివి వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

పొట్ట లోపలి పొరను మొత్తం పరిచి కొలిస్తే, దాని వైశాల్యం ఒంటి మీద చర్మం వైశాల్యానికి దాదాపు సమానం. ఆ పొర అంతటా జబ్బు చల్లుకుని ఉన్నప్పుడు నేను కిరణాలను ఎక్కడ గురి పెట్టాలి? నా ప్రశ్న ఇది. మూడో దశ అంటే జబ్బు కటి భాగం దాటి ఈ పొర మీదికో, పొట్ట వెనకాల లింఫ్ గ్రంథుల్లోకో చేరిందని అర్థం. నాలుగో దశ అంటే ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోకి, కాలేయం లోపలికి, ఇంకా దూరాలకు వెళ్లిందని. ఈ జబ్బు బయటపడే స్త్రీలలో ఎక్కువమందికి మొదటిసారి తెలిసేసరికే మూడో దశో నాలుగో దశో ఉంటుంది. పొట్ట ఉబ్బరం, కొద్దిగా తింటేనే నిండినట్టు ఉండటం, మాటిమాటికీ మూత్రం రావడం... ఇవి ఎవరికి రావు? అందుకే ఎవరూ అనుమానించరు. ఇందులో రోగి నిర్లక్ష్యం ఏమీ లేదు. ఇంకా ముందే చూపించుకోవాల్సిందని ఆమెను నిందించే బంధువులకు ఈ మాట గట్టిగా చెబుతున్నాను. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనంలో సగం మందిని ఏళ్ల తరబడి రక్తపరీక్షతోనో, స్కానింగ్‌తోనో గమనించారు. 2021లో వచ్చిన ఫలితం ఏమిటంటే, అంత చేసినా ఈ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య తగ్గలేదు. యంత్రాలే తగినంత ముందుగా పట్టుకోలేని దాన్ని ఆమె తనంత తానుగా ఎలా పట్టుకుంటుంది?

సరే, పొట్ట అంతటా జబ్బు ఉంటే పొట్ట అంతటికీ కిరణాలు వేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వేశారు. ఏళ్లపాటు వేశారు. ఆ చరిత్ర మీరు వినాలి, ఎందుకంటే ఇవాళ్టి నిర్ణయం ఎవరి ఇష్టాయిష్టాల మీదా నిలబడలేదు. మనకంటే ముందు ఆ చికిత్సలు తీసుకున్న స్త్రీల అనుభవం మీద నిలబడింది.

1970ల దాకా ఈ జబ్బుకు రేడియేషన్ ముఖ్యమైన చికిత్సల్లో ఒకటి. పొట్టను అడ్డంగా సన్నని పట్టీలుగా గుర్తించి, రోజుకో పట్టీ చొప్పున కిరణాలను కింది నుంచి పైకి జరుపుతూ పోయే పద్ధతి ఒకటి ఉండేది. తర్వాత ఒకేసారి పొట్ట మొత్తానికి వేసే పద్ధతి వచ్చింది. ఫలితంలో రెండూ ఒకటే, ఇబ్బందులు మాత్రం రెండో దానిలో తక్కువని తేలాక పట్టీల పద్ధతి పోయింది.

టొరంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ ఆస్పత్రి వైద్యులు 1979లో ప్రచురించిన ఫలితాలు మా రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కటి భాగానికి మాత్రమే కిరణాలు వేసి, క్లోరాంబుసిల్ అనే మాత్ర ఇచ్చిన వారికంటే, ఉదరవితానం దాకా పొట్ట మొత్తానికి వేసినవారు ఎక్కువకాలం బతికారు. అయితే ఆ మేలు అందరికీ దక్కలేదు. శస్త్రచికిత్సలో గడ్డ పూర్తిగా తీసేయగలిగినవారికి, లేదా చాలా చిన్న ముక్క మిగిలినవారికి మాత్రమే దక్కింది. పెద్ద గడ్డలు మిగిలిపోయినవారికి కిరణాలు పెద్దగా పనిచేయలేదు.

ఎందుకు పనిచేయలేదో లెక్క చెబుతాను. కంటికి కనబడని కణాలను చంపడానికే సుమారు 45 నుంచి 50 గ్రేలు కావాలి. కంటికి కనిపించే గడ్డకైతే 60 దాటాలి. పొట్ట మొత్తానికి మనం ఇవ్వగలిగేది ఎంత? 22 నుంచి 30 గ్రేలు. అంతకు మించితే పేగులు తట్టుకోవు. మూత్రపిండాలు 18, 20 గ్రేల దగ్గరే దెబ్బ తింటాయి కాబట్టి వాటికి మధ్యలో సీసం అడ్డు పెట్టాలి. కాలేయానికీ హద్దు ఉంది, దానికీ అడ్డు పెట్టాలి. కానీ కాలేయం పై కప్పు మీదే కదా జబ్బు ఎక్కి కూర్చుంది! అవయవాన్ని కాపాడటానికి పెట్టిన అడ్డు దాని మీదున్న క్యాన్సర్‌నూ కాపాడుతుంది. నా శాస్త్రానికి ఇంతకంటే పెద్ద చిక్కు లేదు. కావలసిన మోతాదుకూ, శరీరం ఓర్చుకునే మోతాదుకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఎంత మంచి యంత్రమూ పూర్తిగా పూడ్చలేకపోయింది. కిరణాల ఆకారాన్ని అవయవాల ఒంపులకు తగ్గట్టు మలిచే కొత్త పద్ధతులతో పొట్ట మొత్తానికి మళ్లీ ప్రయత్నాలు జరిగాయి. మూత్రపిండాలను, కాలేయాన్ని పూర్వం కంటే బాగా తప్పించగలిగారు. పేగులను తప్పించడం ఎవరి తరమూ కాలేదు, ఎందుకంటే జబ్బు ఉన్నది వాటి మీదే.

ఇక హ్యూస్టన్‌లో పొట్ట మొత్తానికి కిరణాలు వేయడాన్ని, మెల్ఫలాన్ అనే కీమో మాత్రను ముఖాముఖి పోల్చారు. 1975లో ఫలితం వచ్చింది. బతికిన కాలం రెండు పక్షాల్లోనూ దాదాపు ఒకటే. బాధలు రేడియేషన్ వైపు ఎక్కువ. మెల్ఫలాన్ ఇవాళ్టి కీమోతో పోలిస్తే చాలా బలహీనమైన మందు. ఆ మందుతోనే సమానమైందంటే, ఆ తర్వాత వచ్చిన మందుల ముందు కిరణాల పరిస్థితి ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ తర్వాత వచ్చిన మందు ప్లాటినం. దాని పుట్టుక గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1960ల మధ్యలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలోకి విద్యుత్తు పంపి చూస్తున్నారు. బ్యాక్టీరియా విభజన ఆగిపోయింది. ఒక్కొక్కటీ రెండుగా చీలకుండా దారంలా సాగిపోయింది. విద్యుత్తే కారణమని మొదట అనిపించింది. ఓపికగా వెతికితే తేలిందేమిటంటే, విద్యుత్తు పంపడానికి వాడిన ప్లాటినం కడ్డీల నుంచి కొద్దికొద్దిగా కరిగిన లోహ సమ్మేళనం ఆ పని చేస్తోంది. కణ విభజనను ఆపేది క్యాన్సర్‌నూ ఆపవచ్చు కదా అన్న ఆలోచన నుంచి సిస్‌ప్లాటిన్ వచ్చింది. 1978లో అమెరికాలో వృషణాల క్యాన్సర్‌కూ, అండాశయ క్యాన్సర్‌కూ అనుమతి పొందింది. కరెంటు పెట్టలేదని బాధపడిన ఆ అమ్మాయికి ఈ కథ చెప్పి ఉండాల్సిందని చాలాసార్లు అనుకున్నాను. వాళ్లమ్మకు ఎక్కించిన మందు ఒక కరెంటు ప్రయోగం నుంచే దొరికింది.

ప్లాటినం ఏం చేస్తుంది? కణంలోని డీఎన్ఏ పోగులకు అతుక్కుని వాటిని ముడి వేస్తుంది. ముడిపడిన పోగులతో కణం చీలలేదు, చస్తుంది. నా కిరణాలు చేసేదీ అక్కడే, డీఎన్ఏ మీదే. అవి పోగులను తెంపుతాయి. దెబ్బ పడే చోటు ఒకటే, వెళ్లే దారి వేరు. కిరణం గీసిన గీత మీద వెళుతుంది, దారిలో ఉన్న మంచినీ చెడునీ కాలుస్తుంది. మందు రక్తంలో వెళుతుంది. రక్తం చేరని చోటు ఒంట్లో చాలా తక్కువ. ఇసుకలా చల్లుకున్న జబ్బును అది వెతుక్కుంటూ పోగలదు. కాలేయం కప్పు మీద ఉన్నా, పేగు మడతలో దాగినా, ఊపిరితిత్తి చుట్టూ నీటిలో తేలుతున్నా.

దీనికి తోడు రెండో మందు వచ్చింది. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి వేరు చేసిన పాక్లిటాక్సెల్. దాని నిర్మాణాన్ని 1971లో ప్రచురించారు. అది కణ విభజనకు కావలసిన లోపలి దారాలను బిగించేస్తుందని 1979లో సూజన్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త చూపించారు. 1992 చివర్లో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి దొరికింది. 1996లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ముదిరిన జబ్బు ఉండి గడ్డ కొంత మిగిలిపోయిన స్త్రీలకు సిస్‌ప్లాటిన్‌తో పాత మందు కలిపి ఇస్తే సగటు ఆయుర్దాయం 24 నెలలు, పాక్లిటాక్సెల్ కలిపి ఇస్తే 38 నెలలు వచ్చింది. పద్నాలుగు నెలలు. ఒక ఇంట్లో ఆ పద్నాలుగు నెలల విలువ ఎంతో ఇక్కడ కూర్చున్నవారిలో కొందరికి నేను చెప్పనక్కర్లేదు. తర్వాత సిస్‌ప్లాటిన్ స్థానంలో కార్బోప్లాటిన్ వచ్చింది. అంతే బాగా పనిచేస్తూ వాంతులను, మూత్రపిండాలకు, చెవులకు, నరాలకు జరిగే హానిని తగ్గించింది. ఈ జంటనే, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, మూడు వారాలకోసారి ఆరు సైకిళ్లు, ఇవాళ ప్రపంచమంతా మొదటి చికిత్సగా ఇస్తున్నారు.

ఇక్కడ శస్త్రచికిత్స గురించి ఒక్క మాట. కీమోనా, రేడియేషనా అని మనం వాదించుకుంటాం కానీ, ఎక్కువ తేడా తెచ్చేవాటిలో శస్త్రచికిత్స నిపుణుల చేయి ఒకటి. కంటికి కనిపించే జబ్బు ఏదీ మిగలకుండా తీయగలిగితే ఆయుర్దాయం పెరుగుతుంది. అంత పెద్ద కోతకు శరీరం మొదట సిద్ధంగా లేకపోతే మూడు సైకిళ్ల కీమో ఇచ్చి, జబ్బును కుంచింపజేసి, అప్పుడు కోస్తారు, తర్వాత మిగతా కీమో. అందుకే చెబుతున్నాను, ఈ జబ్బుకు మొదటి శస్త్రచికిత్స ఈ పనిలో ప్రత్యేక శిక్షణ పొందినవారి చేతుల్లోనే జరగాలి. ఈ విషయంలో మొహమాటపడకండి.

బాధల పోలికకు వద్దాం. చాలామంది మనసులో కీమో అంటే నరకం, రేడియేషన్ అంటే నొప్పిలేని వైద్యం. యంత్రం కింద పడుకుంటే ఏమీ తెలియదు, నిజమే. కానీ పొట్ట మొత్తానికి వేస్తే నాలుగైదు వారాల పాటు వాంతులు, నీళ్ల విరేచనాలు. శస్త్రచికిత్సతో ఇప్పటికే నలిగిన పేగుల మీద ఇది మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. అదైనా వారాల్లో తగ్గుతుంది. నేను భయపడేది తర్వాత వచ్చేదాని గురించి. నెలలు, ఏళ్లు గడిచాక పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి దారి మూసుకుపోవచ్చు. అప్పుడు మళ్లీ కోత, కొన్నిసార్లు పొట్ట మీద మలం సంచి. రేడియేషన్ తగిలిన పేగును కోసి కలిపితే అతుకు సరిగా మానదు.

కీమో బాధలు ఎక్కువ మందికి తెలిసినవే. జుట్టు రెండు మూడు వారాల్లో ఊడుతుంది, తిరిగి వస్తుంది. తెల్లకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం వస్తే, మాత్ర వేసి పడుకోబెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. రాత్రి రెండు గంటలైనా ఆస్పత్రికి తీసుకురండి. చేతివేళ్ల, కాలివేళ్ల తిమ్మిరి పాక్లిటాక్సెల్ వల్ల. ఇది కొందరిలో పూర్తిగా పోదు, కాబట్టి మొదలైన రోజే చెప్పాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందంటే మాకు అది చాలా పెద్ద సమాచారం. "కీమో ఆపేస్తారేమో" అని దాచిపెట్టేవాళ్లను ఎందరినో చూశాను. ఆపం. మోతాదు మారుస్తాం, మందు మారుస్తాం.

మరొక తేడా ఉంది. దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు కానీ నిర్ణయాల్లో అది పెద్ద పాత్ర వహిస్తుంది. ఈ జబ్బు మొదటి కీమోకు చాలామందిలో చక్కగా లొంగుతుంది, కానీ ముదిరిన దశలో ఎక్కువమందిలో కొన్నాళ్లకు తిరిగి వస్తుంది. ఈ నిజాన్ని మీ దగ్గర దాచను. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ మందు ఇవ్వగలగాలి, ఆ తర్వాత మరోసారి ఇవ్వగలగాలి. దానికి రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ బలంగా ఉండాలి. పెద్దవాళ్లలో పనిచేసే మజ్జలో పెద్ద భాగం కటి ఎముకల్లో, నడుము వెన్నెముకలో ఉంటుంది. పొట్ట మొత్తానికి కిరణాలు వేస్తే ఆ మజ్జ కాలిపోతుంది. రేపు వాడాల్సిన మందుకు ఇవాళే తలుపు మూసినట్టవుతుంది. కీమో తర్వాత రేడియేషన్ దారి తెరిచే ఉంటుంది. పొట్టంతా రేడియేషన్ ఇచ్చాక కీమో దారి ఇరుకవుతుంది. ఏది ముందు అన్న ప్రశ్నకు నాకు ఇంతకంటే బలమైన జవాబు తెలియదు.

ఇక నా కిరణాలు ఎక్కడ పనికొస్తాయి? జబ్బు ఒకచోట కూర్చుని బాధ పెడుతున్నప్పుడు. కటి భాగంలో తిరిగి వచ్చిన గడ్డ నుంచి రక్తం పోతుంటే అయిదు, పది రోజుల రేడియేషన్‌తో చాలామందిలో ఆగుతుంది. ఎముకకు పాకి నొప్పి పెడుతుంటే 8 గ్రేలు, ఒకే ఒక్క రోజు, చాలు. ఆ ఒక్క రోజు చికిత్స పది రోజుల చికిత్సతో సమానంగా నొప్పి తగ్గిస్తుందని పదేపదే రుజువైంది. మెదడుకు చేరినప్పుడూ కిరణాలే ముఖ్యమైన ఆసరా. మంచం మీద పక్కకు తిరగలేని మనిషి వారం తర్వాత నడిచి వచ్చి నా గది తలుపు కొట్టిన రోజులు ఉన్నాయి. "కేవలం ఉపశమనం కోసమే" అని ఎవరైనా చిన్నచూపుగా అంటే నాకు కోపం వస్తుంది. నొప్పి లేకుండా నిద్రపోయిన రాత్రి చిన్న విషయం కాదు.

ఈ మధ్య మరో తలుపు తెరుచుకుంది. జబ్బు తిరిగి వచ్చినా ఒక లింఫ్ గ్రంథిలోనో, రెండు మూడు చోట్లో మాత్రమే ఉన్నప్పుడు, ఎక్కువ మోతాదును కొద్ది రోజుల్లో, మిల్లీమీటర్ల గురితో ఆ చోట్ల మీద మాత్రమే వేస్తున్నాం. ఇటలీలో 261 మంది స్త్రీల మీద ఇలా చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. చికిత్స చేసిన గడ్డల్లో సుమారు మూడింట రెండు వంతులు స్కానింగ్‌లో పూర్తిగా మాయమయ్యాయి, తీవ్రమైన ఇబ్బందులు చాలా అరుదు. దీనివల్ల కొందరికి తర్వాతి కీమోను కొన్ని నెలలు వాయిదా వేయగలుగుతున్నాం. ఆయుర్దాయం పెరుగుతుందని నేను మాట ఇవ్వను. కానీ సూదులు లేని కొన్ని నెలలు దొరుకుతాయి.

మందుల వైపు మరింత జరిగింది. ప్లాటినం వేసిన ముడులను విప్పుకోవడానికి కణానికి కొన్ని మరమ్మతు జన్యువులు కావాలి. బీఆర్‌సీఏ జన్యువులు వాటిలో ముఖ్యమైనవి. అవి పాడైన క్యాన్సర్‌కు మిగిలిన మరమ్మతు దారిని కూడా మూసేసే మాత్రలు వచ్చాయి. ఒలాపరిబ్ వాటిలో మొదటిది. బీఆర్‌సీఏ లోపం ఉండి, మొదటి కీమోకు లొంగినవారు ఆ మాత్రను రెండేళ్లు వేసుకుంటే, జబ్బు తిరగబెట్టే లేదా ప్రాణం తీసే ముప్పు 70 శాతం తగ్గిందని 2018లో తేలింది. కాబట్టి ఈ జబ్బు ఉన్న ప్రతి స్త్రీకీ జన్యు పరీక్ష చేయించాలి. అది ఆమె కోసమే కాదు, ఆమె అక్కచెల్లెళ్ల కోసం, కూతుళ్ల కోసం కూడా.

ఇంతవరకు నేను చెప్పాలనుకున్నది. మీ ప్రశ్నలు వింటాను.

రెండూ కలిపి ఇస్తే ఇంకా బలంగా పనిచేయదా అని వెనక వరుసలో ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కీమో పూర్తయి, జబ్బు కనబడకుండా పోయాక, మిగిలిన కణాల కోసం పొట్టకు రేడియేషన్ ఇచ్చి చూశారు. స్వీడన్, నార్వే వైద్యులు 2003లో ప్రకటించిన అధ్యయనంలో, జబ్బు సూక్ష్మదర్శినికి కూడా దొరకనంతగా పోయిన స్త్రీలలో కొంత మేలు కనిపించింది. అంటే ఆలోచన తప్పు కాదు. కానీ ఇతర అధ్యయనాల్లో ఆ మేలు స్థిరంగా కనిపించలేదు, పేగుల బాధలు మాత్రం అన్నిటిలోనూ కనిపించాయి. ఈలోగా ఒలాపరిబ్ వంటి మాత్రలు ఆ చోటును తీసుకున్నాయి. అందుకే ఇప్పుడు మామూలుగా ఇవ్వం.

ఇంకొకరు, అండాశయంలో అన్ని క్యాన్సర్లూ ఇంతేనా అంటున్నారు. లేదు. నేను చెప్పింది పెద్ద వయసులో ఎక్కువగా వచ్చే రకం గురించి. చిన్న వయసు అమ్మాయిల్లో వచ్చే డిస్‌జెర్మినోమా అనే గడ్డ కిరణాలకు అద్భుతంగా కరుగుతుంది. అయినా దానికీ ఇప్పుడు కీమోనే ముందు. రేడియేషన్ మిగిలిన అండాశయాన్ని కూడా పాడు చేస్తుంది, కీమో ఇస్తే ఆ అమ్మాయి రేపు తల్లి కాగలిగే అవకాశం ఎక్కువగా నిలుస్తుంది.

ముందు వరుసలో ఉన్న పెద్దాయన: "మా ఆవిడకు మూడు సైకిళ్లు అయ్యాయి. ఇక భరించలేనంటోంది. మిగతాది కరెంటుకు మార్పించవచ్చా?"

అయ్యా, ఆమె భరించలేనంటే ఆ మాటను పట్టించుకోవాలి. కానీ కరెంటుకు మారితే ఆమె పొట్టలో చల్లుకున్న దాన్ని అది అందుకోలేదు, బాధ మాత్రం కొత్తది మొదలవుతుంది. కీమోలోనే మార్చడానికి చాలా ఉంది. మూడు వారాలకోసారి ఇచ్చే మోతాదును విడగొట్టి వారం వారం కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ పద్ధతితో జబ్బు అదుపు అంతే ఉంది, బాధలు తగ్గాయి. తిమ్మిరి ఎక్కువైతే పాక్లిటాక్సెల్‌ను ఆపి దాని తోబుట్టువు లాంటి డోసిటాక్సెల్ ఇవ్వవచ్చు. కొందరికి కార్బోప్లాటిన్ ఒక్కటే కొనసాగిస్తాం. వాంతులకు ఇప్పుడు చాలా మంచి మందులున్నాయి. రేపు వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చుని, ఈ మూడు వారాల్లో ఏ రోజు ఎలా ఉందో ఒక కాగితం మీద రాయించండి. ఎన్నో రోజు వాంతులు మొదలయ్యాయి, ఎన్నో రోజు తగ్గాయి, ఎన్ని రోజులు మంచం దిగలేదు, ఏ వేళ్లలో తిమ్మిరి. ఆ కాగితం ఆమె డాక్టరు చేతికి ఇచ్చి, నాలుగో సైకిల్ ఎక్కించే ముందే మాట్లాడమనండి.